ఏలీషా కుట్టు

కత్తెర తెమ్మని సువార్త అడిగినప్పుడు సభలో నవ్వులు వినిపించాయి. రిబ్బన్ కత్తిరించడం పొద్దునే అయిపోయిందిగా అని ముందు వరసలో ఎవరో అన్నారు. ఆమె కూడా నవ్వింది. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీల్లో ఒకదాన్ని విప్పించి బల్ల మీద పరిపించింది. దాని మీద చెంబెడు నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారిపోయాయి. అప్పుడు ఒక మూల జానెడు ముక్క కత్తిరించి, పక్కనున్న నీళ్ల బకెట్లో వేసి, ఏమీ జరగనట్టు తన ఉపన్యాసం మొదలుపెట్టింది.

సభల్లో, సమావేశాల్లో, ఊరేగింపుల్లో మిగిలే చెత్తను తగ్గించడం ఎలాగన్న విషయం మీద ఒంగోలులో రెండు రోజుల సదస్సు అది. మంచినీళ్లకు ప్లాస్టిక్ సీసాలు లేకుండా స్టీలు గ్లాసులు పెట్టారు. భోజనానికి విస్తరాకులు తెప్పించారు. అయినా అతిథుల కోసం జిగేల్మనే ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులు నలభై దాకా వచ్చిపడ్డాయి. సువార్త పనిచేసే పరిశోధన కేంద్రం డైరెక్టరు ఉమామహేశ్వర్ వాటిని ఎవరి కంటా పడకుండా బల్ల కింద దాచలేక తంటాలు పడుతున్నాడు.

సువార్త ఎక్కువసేపు మాట్లాడలేదు. ఒక్క జిల్లాలో ఏడాదికి ఎన్ని ఫ్లెక్సీలు కడతారో, అవి ఏయే కాలవలకు అడ్డం పడతాయో చెప్పింది. ఒక ఆవు పొట్ట కోసి పశువుల డాక్టరు తీసిన ఫ్లెక్సీ ముక్క మీద ఎవరో పెద్దమనిషి మీసం చెక్కుచెదరకుండా ఉందని చెప్పినప్పుడు మళ్లీ నవ్వులు లేచాయి గాని, తొందరగానే ఆగిపోయాయి. తర్వాత ఆమె బకెట్లో కర్ర పెట్టి కలిపింది. ముక్క లేదు. గంజి లాంటి తెల్లటి నీళ్లున్నాయి. వాటిని వేదిక పక్కనున్న క్రోటన్ మొక్కకు పోసింది.

పదిహేనేళ్ల పని ఆ బకెట్లో ఉంది. సముద్రపు నాచు, చింతగింజల పిండి కలిపి కాచిన జిగురుతో మధ్య పొర. దానికి పైనా కిందా నీరు పట్టని పలచని తోలు లాంటి పొరలు; లోపలి వైపు తడి తగిలితే మాత్రం అవీ కరిగిపోతాయి. అంచులు వేడితో అతికించేస్తారు. పైపొర చెక్కుచెదరనంతకాలం ఎంత వాన పడినా దానికి లెక్కలేదు. సభ అయిపోయాక కత్తిరించి నీళ్ల తొట్లో వేస్తే గంటలో కరిగి మొక్కలపాలవుతుంది. ప్రింటింగు వాళ్లు అభ్యంతరపెట్టకుండా, చేతికి, కంటికి అచ్చం పాత ఫ్లెక్సీలాగే ఉండేలా చెయ్యడానికే నాలుగేళ్లు పట్టింది.

ఆ రోజు హాలు చుట్టూ కట్టినవన్నీ కొత్తవే. వాటిలో కొన్నింటి మీద సువార్త బొమ్మ కూడా ఉంది. తనకంటే పదేళ్లు చిన్నదిగా, కొంచెం తెల్లగా.

*

సదస్సు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం ఆమెకు ఏలీషా దగ్గర నుంచి ఫోను వచ్చింది.

“మరదలా, నీ బొమ్మ దొరికింది,” అన్నాడు.

ఏలీషా సువార్త అక్క కరుణమ్మ భర్త. ఒంగోలుకు పాతిక కిలోమీటర్లలో, సముద్రం వైపున్న పాతకొఠారు అతడి ఊరు. ఊరంటే ఉప్పు మడుల గట్టున ఎనభై ఇళ్లు. సువార్తకు ఏడో ఏట తల్లీ తండ్రీ ఒకరి వెంట ఒకరు పోతే, అప్పుడే పెళ్లయిన కరుణమ్మ చెల్లెల్ని వెంటబెట్టుకుని అత్తవారింటికి వచ్చింది. పెళ్లిలో నాకు ట్రంకు పెట్టె పెడతామని చెప్పి మరదల్ని పెట్టారని ఏలీషా అందరికీ చెప్పి నవ్వేవాడు. ఆ మరదల్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని హాస్టలు చేర్చిందీ అతడే, ప్రతి నెలా మొదటి శనివారం చూడ్డానికి వెళ్లిందీ అతడే.

ఉప్పు మడుల్లో పనితో పాటు అతడికి ఇంకో పని ఉంది. అది ఎవరూ అప్పజెప్పింది కాదు. ఒంగోలులో ఏ సభ జరిగినా, ఏ పెళ్లయినా, ఏ నాయకుడి పుట్టినరోజయినా, మర్నాడు వెళ్లి విప్పేసిన ఫ్లెక్సీలు తెచ్చేవాడు. తెచ్చి, దబ్బనంతో, వలలు అల్లే నైలాను దారంతో ఒకదానికొకటి జతచేసి కుట్టేవాడు. ఫ్లెక్సీలు రాకముందు ఎరువుల సంచుల్ని అట్లాగే కుట్టేవాడు. తాటాకు దొరకడం మానేసిన దగ్గర నుంచి పాతకొఠారులో సగం ఇళ్ల కప్పులు ఆ కుట్టు మీదే నిలబడ్డాయి. వాన పడితే ఉప్పు కుప్పల మీద కప్పేవీ అవే. ఆడవాళ్లు నీళ్లు పోసుకునే దడులకు కట్టేవీ అవే. ఆ పెద్దమనుషులు లోపలికి తొంగిచూడకుండా దడికి బొమ్మలు బయటివైపుకి తిప్పి కట్టాలని కరుణమ్మ పెట్టిన నియమం. ఇళ్లకు గుర్తులు కూడా అట్లాగే వచ్చాయి. పుట్టినరోజు వాళ్లిల్లు, ఓణీల ఫంక్షను వాళ్లిల్లు, కంటి ఆస్పత్రి వాళ్లిల్లు.

హాలు శుభ్రం చేసే మేస్త్రీ సాంబయ్య ఏలీషాకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. సదస్సు ఫ్లెక్సీలను కత్తిరించి తొట్లో వెయ్యమని అతడికి చెప్పారు. ఇంత దళసరి గుడ్డను చేతులారా నీళ్లపాలు చెయ్యడానికి అతడికి మనసొప్పలేదు. ఇరవై రెండు మంచివి చూసి పక్కకు తీసి, ఏలీషా కోసం చుట్టచుట్టి పెట్టాడు. ఆ సంగతి ఏలీషా సంబరంగా చెప్పుకొచ్చాడు.

సువార్తకు ఆ పూట అభినందనల ఫోన్ల మీద ఫోన్లు. అయినా ఒక్క క్షణం ఆలోచించింది. అంచులు అతికించే ఉన్నాయి, పైపొరకు వాన వల్ల ప్రమాదం లేదు, రెండేళ్లయినా మన్నుతాయి. కరిగించడం కంటే ఒక ఇంటి మీద కప్పవడం మేలు కదా అనుకుంది. ఆ ఆలోచనకు సంతోషం కూడా కలిగింది.

“బావా, ఒక్క మాట. అంచులు మాత్రం కత్తిరించొద్దు,” అంది.

“పిచ్చిదానా, మంచి గుడ్డని ఎవడన్నా కత్తిరిత్తాడా,” అన్నాడు ఏలీషా.

*

ఆ తర్వాత ఆరు వారాలు సువార్తకు ఊపిరి సలపలేదు. జిల్లాలో ఇక మీదట అన్ని సభలకూ ఈ ఫ్లెక్సీలే వాడాలన్న ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రమంతటికీ వర్తింపజేసే విషయం తేల్చడానికి ఒక కమిటీ వేశారు. వాళ్లు అడిగిన పరీక్షలన్నీ ప్రయోగశాలలో మళ్లీ చేసి చూపించాల్సి వచ్చింది. గాలికి పెట్టారు. ఎండకు పెట్టారు. ఉప్పుగాలి కొట్టించారు. ఆవు నాకితే ఏమవుతుందో చూడ్డానికి రబ్బరు నాలుక ఒకటి తయారుచేయించి, రోజంతా నాకించారు. అన్నిట్లోనూ నెగ్గింది.

ఏప్రిల్ నెల మధ్యలో ఒక మంగళవారం మధ్యాహ్నం, ఉప్పు కుప్పలు గట్ల మీద తెల్లగా ఆరుతున్న వేళ, సముద్రం వైపు నుంచి అకాలపు వాన వచ్చింది. ఒంగోలులో సువార్త కిటికీ తలుపు వేసుకుని, చల్లబడిందని సంతోషించింది. మర్నాడు పొద్దున కరుణమ్మ ఫోను చేసింది. ఏలీషా ఈ మధ్యే కొత్తగా కప్పిన పదకొండు ఇళ్ల కప్పులు పోయాయట. వాటిలో జెకర్యా అనే అతడి ఇల్లు ఒకటి. అతడి తల్లి సంతోషమ్మ అవ్వ జ్వరంతో మంచం మీద ఉంది. నెత్తిన కప్పు విడిపోయి, ఆమెను మంచంతో సహా చర్చిలోకి చేర్చేసరికి ముద్దగా తడిసిపోయింది. తెల్లారి ప్రాణం పోయింది.

సువార్త వెళ్లేసరికి శవపేటిక ఇంకా వాకిట్లోనే ఉంది. తల ఎత్తి చూస్తే జెకర్యా ఇంటి వాసాల నుంచి నైలాను దారాలు మాత్రం వేలాడుతున్నాయి. కుట్లు కుట్లుగానే, వరసగా, ముడి కూడా వదలకుండా. వాటి మధ్య గుడ్డ లేదు. గాలికి చిరిగి, కాలవ సముద్రంలో కలిసే మొగలోకి కొట్టుకుపోయిందని అందరూ అనుకుంటున్నారు. నేల మీద తెల్లటి బురద ఉంది. ఉప్పు నేలల్లో బురద ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది కనుక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సువార్త వంగి రెండు వేళ్ల మధ్య కొంచెం తీసి రాసి చూసింది. జిగురుగా జారింది. చింతగింజల వాసన వచ్చింది.

గాలికి పరీక్ష పెట్టారు, ఎండకు పెట్టారు, ఆవు నాలుకకు కూడా పెట్టారు. సూదితో కుట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. కుట్టిన కప్పు కింద పదేళ్లు పడుకున్న తనకే తోచలేదు.

ఏలీషా గోడ నీడన చతికిలబడి, ఒక దారం ముక్కను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంటే దాన్ని చూపించాడు.

“దారం తెగలా, సూడు. గుడ్డే తెగింది. మంచి గుడ్డని, గట్టిగా ఉండాలని, కుట్లు దగ్గర దగ్గరగా ఏసినా. చిల్లులెక్కువైపోయినయ్. కాయితం మీద వరసన చిల్లులు పొడిచి చింపితే ఎట్టా వస్తది, అట్టా వచ్చేసింది.” దారాన్ని మళ్లీ వేలికి చుట్టుకుంటూ, “ముప్పయ్యేళ్ల నుంచి కుడతన్నా. ఆ మాత్రం తెలవద్దా నాకు,” అన్నాడు.

శ్మశానం నుంచి తిరిగి వస్తున్నప్పుడు జెకర్యా అందరి ముందూ ఆగి అతడి వైపు తిరిగాడు. కళ్లు కనపడనోడు దబ్బనం పట్టగూడదు, మా అమ్మని నీ కుట్టే తీసకపోయింది అన్నాడు. తల్లి పోయిన మనిషి మాట అని ఎవరూ అడ్డుచెప్పలేదు. ఏలీషా తల వంచుకుని, నిజమే అన్నాడు.

ఆ క్షణాన సువార్త నోరు తెరవాల్సింది. తెరవలేదు. మట్టి ఇంకా తడి ఆరని సమాధి దగ్గర జిగుర్ల గురించి, పొరల గురించి ఏం మాట్లాడతాం అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే, అది కారణం కాదని కూడా ఆమెకు తెలుసు.

*

గురువారం ప్రయోగశాలలో కొత్త ఫ్లెక్సీలు రెండింటిని దబ్బనంతో కలిపి కుట్టి, పైనుంచి వాన లాగా నీళ్లు కురిపించారు. కుట్టింది సువార్తే. చిన్నప్పుడు బావ పక్కన కూర్చుని నేర్చుకున్న కుట్టు. పంతొమ్మిదో నిమిషంలో చిల్లుల చుట్టూ గుడ్డ ఉబ్బింది. ఇరవై ఆరో నిమిషానికి కుట్టు పొడుగునా విడిపోయింది. దారం అట్లాగే ఉంది.

ఉమామహేశ్వర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతడు చెడ్డవాడు కాదు. ముందుగా అడిగింది ఆ ముసలమ్మ పేరు. ఆ తర్వాతే తన మాట చెప్పాడు. పన్నెండో రోజు, సోమవారం, కమిటీ సమావేశం ఉంది. లోపాన్ని, దానికి విరుగుడును కలిపి మనమే ముందు పెడితే వింటారు. ఈలోపు ఊళ్లో పుకారు పుడితే ఈ పనిని మళ్లీ ఎవరూ ముట్టుకోరు. పాత ప్లాస్టిక్కే రాజ్యమేలుతుంది, కాలవలూ ఆవులూ మామూలే. ఈ కొద్ది రోజులు బయట ఎవరితోనూ అనవద్దని బతిమాలినట్టు అడిగాడు. అందులో అబద్ధమేమీ కనపడలేదు సువార్తకు. తల ఊపింది.

మొదటి ఆదివారం పాతకొఠారు వెళ్లాలనుకుంది గాని, విరుగుడు పరీక్షలు తెమల్లేదు. రోజూ ఫోను మాత్రం చేసింది. ఏలీషా అన్నం సరిగా తినడం లేదని కరుణమ్మ చెప్పింది. ఇంటింటికీ వెళ్లి తప్పయిందని చెప్పుకుంటున్నాడట. ఏదో ఒకటి కప్పుకుంటాంలే ఏడవమాక అని కంటి ఆస్పత్రి వాళ్లింటి ముసలాయన ఎదురు ఓదార్చి, మజ్జిగ తాగించి పంపించాడట. ఇరవై రెండులో ఇంకా ఎనిమిది ఫ్లెక్సీలు మిగిలి ఉన్నాయి. వాటిని మళ్లీ కుడుతున్నాడు, ఈసారి కుట్లు ఎడంగా వేస్తూ.

“అక్కా, ఆ కొత్తవి వాడొద్దని చెప్పు బావకి,” అంది సువార్త.

“ఎందుకంటా?”

“ఇంకా కొన్ని పరీక్షలు చెయ్యాలి వాటికి.”

కరుణమ్మ నిట్టూర్చింది. “సెప్పి సూశానే. నీ బొమ్మున్న గుడ్డ బంగారమంటాడు. తప్పు గుడ్డది కాదు, నా చేతిదంటాడు. పొద్దుగూకులూ ఆ చేతుల వంక చూసుకోవడమే. నువ్వొచ్చి సెబితే వింటాడేమో.”

“ఈ ఆదివారం తప్పకుండా వస్తా,” అంది సువార్త. ఒక్క వాక్యం చాలు, ఫోనులోనే చెప్పొచ్చు. అది ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. సోమవారం ఇంకో నాలుగు రోజులే ఉంది అనుకుని మింగేసింది.

ఆదివారం రాకముందే శుక్రవారం మధ్యాహ్నం వాన వచ్చింది.

ఏలీషా తన కొత్త కుట్టుతో అన్నిటికంటే ముందు కప్పింది జెకర్యా ఇల్లు. తప్పు తీర్చుకోవాలంటే అక్కడే మొదలుపెట్టాలని. వాన మొదలు కాగానే అతడు ఆ ఇంటి ముందుకు వెళ్లి, తల పైకెత్తి, తన కుట్టు నిలుస్తుందా లేదా అని చూస్తూ తడుస్తూ నిలబడ్డాడట. అరగంటకు కుట్టు విడిపోవడం మొదలైంది. లోపల జెకర్యా భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. అతడు నిచ్చెన వేసుకుని పైకి పాకి, బోర్లా పడుకుని, విడిపోతున్న రెండు అంచులను రెండు పిడికిళ్లతో పట్టుకుని, వాళ్లను బయటికి పొమ్మని కేకలు పెట్టాడు. వాళ్లు బయటపడ్డారు. గుడ్డ అతడి పిడికిళ్లలోనే కరిగిపోయింది. నానిపోయిన వాసం విరిగి అతడు రోటి మీద పడ్డాడు. ఆటో కోసం వానలో రోడ్డు దాకా మోసుకొచ్చింది జెకర్యాయే.

*

ఆస్పత్రిలో పక్కటెముకలు విరిగాయన్నారు, లోపల రక్తం పోతోందన్నారు. శనివారం పొద్దునకు ఏలీషా తెలివిగానే ఉన్నాడు గాని, మాట మాటకూ మధ్య చాలా వ్యవధి పడుతోంది. ఉమామహేశ్వర్ ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చి, లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు. సువార్త బయటికి వస్తే గ్లాసు చేతికిచ్చి, “చెప్పెయ్యండమ్మా. కమిటీ సంగతి నేను చూసుకుంటాను. ఆపడం నా తప్పు,” అన్నాడు. మనుషుల్ని లోపలికి వదిలే వేళ కాకపోయినా నర్సు చూసీ చూడనట్టు ఊరుకుంది. పైగా అతడికి చలిగా ఉందని ఫ్యాను గాలి తగలకుండా మంచాన్ని కొంచెం పక్కకు జరిపి వెళ్లింది.

“బావా, నీ కుట్టు కాదు,” అంది సువార్త.

ఏలీషా కళ్లు తెరిచాడు. ఆమె అంతా చెప్పింది. మధ్య పొర గురించి, పైపొర గురించి, సూది దిగిన చోట నీరు లోపలికి చేరడం గురించి. ప్రయోగశాలలో తానే కుట్టి చూశానని చెప్పింది. అతడు పిల్లవాడు పాఠం వింటున్నట్టు విన్నాడు.

“అయితే దగ్గరగా ఏసినందుకు కాదా?”

“కాదు. ఎడంగా వేసినా అంతే. సూది దిగితే చాలు.”

“దారం?”

“దారంలో ఏ లోపం లేదు బావా. నీ చేతిలోనూ లేదు.”

అతడు మెల్లగా ఊపిరి వదిలాడు. గుండెల మీంచి ఏదో దించుకున్న మనిషిలా కనిపించాడు. “గట్టి గుడ్డేలే,” అన్నాడు, పెదవి చివర నవ్వుతూ. “కుట్టకుండా ఉంటే.”

సువార్త ఏడుస్తూ నవ్వింది. అప్పుడతడు అడిగాడు.

“నీకెప్పుడు తెలిసింది?”

నిన్ననే అని చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు, కనిపెట్టేవాళ్లు లేరు. మంచం అంచు పట్టుకుని ఆమె నిజం చెప్పింది.

“సంతోషమ్మ అవ్వని తీసకెళ్లిన రోజే.”

ఏలీషా పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. అది సిమెంటు కప్పు, అందులో చూడ్డానికి ఏమీ లేదు. కోపం ఏ మూలా లేని గొంతుతో, “సెప్పకపోతివే మరదలా,” అన్నాడు. “పది రోజులు. కంటి మీద కునుకు లేదు.”

ఆ మధ్యాహ్నం అతడు నిద్రపోయాడు. చిన్నగా గురక కూడా పెట్టాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్న కరుణమ్మ, ఈ గురక విని ఎన్నాళ్లయిందో అంది. ఎవరినీ లేపనివ్వలేదు. మందు ఇవ్వడానికి వచ్చిన నర్సును కూడా ఒక్క పావుగంట ఆగమని చేతులు జోడించి అడిగింది. నర్సు ఆగింది.

ఆదివారం సాయంత్రం ఏలీషా పోయాడు.

*

సోమవారం కమిటీ ముందు సువార్త నివేదికను ఉమామహేశ్వరే చదివాడు. ఒక్క ముక్క కూడా దాచలేదు. కమిటీ వాళ్లు శ్రద్ధగా విన్నారట. నిజాయితీని మెచ్చుకున్నారట. ఇక మీదట ప్రతి ఫ్లెక్సీ అడుగున ఒక వరస అచ్చువెయ్యాలని తీర్మానించారు: చిల్లు పొడవరాదు, కుట్టరాదు, కప్పుగా వాడరాదు. ఈ ఉత్తర్వు తర్వాత పాత ఫ్లెక్సీలు దొరకవు కదా, మరి వాటిని కప్పుకునేవాళ్ల సంగతేమిటని ఉమామహేశ్వర్ అడిగితే, అది ఇళ్ల శాఖ చూడాల్సిన విషయమని రాసుకున్నారు. ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పేటప్పుడు అతడి గొంతు బాగా తగ్గిపోయింది.

తర్వాతి ఆదివారం పాతకొఠారు చర్చి ముందు పందిరి కింద ఏలీషా జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టారు. నూట యాభై మంది దాకా వచ్చారు. ఎవరింటి నుంచి వాళ్లు కంచాలూ గ్లాసులూ తెచ్చారు. మిగిలిన అన్నం కోళ్లకు, కూర తొక్కలు మేకలకు, చేతులు కడిగిన నీళ్లు మునగ మొక్కకు. భోజనాలయ్యాక ఊడ్చి పారెయ్యదగ్గది ఆ పందిట్లో ఏదీ మిగల్లేదు. సువార్త చూస్తూ కూర్చుంది. పెద్ద చదువు చదివిన డాక్టరమ్మ అని ఆమెకు ఒక్కదానికే కుర్చీ వేశారు. కరుణమ్మ ఎదురుగా, ఆడవాళ్లతో కలిసి చాప మీద ఉంది. ఈ వారం రోజుల్లో అక్క తనతో పది మాటలు మాట్లాడి ఉండదు.

పాట అయ్యాక పాస్టరుగారు, చనిపోయినవాడి గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి చెప్పవచ్చునన్నాడు. సాంబయ్య లేచి, నా స్నేహితుణ్ణి నేనే ఆ గుడ్డలిచ్చి చంపుకున్నానని రెండు మాటలనేసి కూలబడ్డాడు. కంటి ఆస్పత్రి వాళ్లింటి ముసలాయన మాట్లాడాడు. తర్వాత సువార్త లేచింది. సదస్సుల్లో ఎన్నోసార్లు మాట్లాడిన మనిషే. ఇక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఏలీషా కుట్టు తప్పలేదు,” అంది. “ఇన్నేళ్లలో ఒక్క కుట్టూ తప్పలేదు. సూది దిగితే కరిగిపోయే గుడ్డను నేను తయారుచేశాను. కుట్టేవాళ్లుంటారన్న సంగతి మర్చిపోయాను. ఈ ఊళ్లో పెరిగి మర్చిపోయాను. సంతోషమ్మ అవ్వ పోయిన రోజే నాకు తెలిసింది. అయినా పది రోజులు చెప్పలేదు. చెప్పుంటే మా బావ ఆ కప్పు మీదికి ఎక్కేవాడు కాదు.”

మగవాళ్ల వైపు నుంచి జెకర్యా లేచాడు. తిడతాడనుకున్నారు అందరూ. పాస్టరుగారు అడుగు ముందుకు వేశాడు కూడా. జెకర్యా గొంతు పైకి లేవలేదు.

“అమ్మా, ఆ రోజే సెప్పుంటే, నేనన్న మాట ఆయన ముందరే ఎనక్కి తీసుకునేవోణ్ణి. నా పిల్లల కోసం పైకెక్కినప్పుడు గూడా ఆయన చెవిలో ఆ మాటే ఉండుంటది. ఇప్పుడు ఎవురి ముందర తీసుకోమంటావు?”

జెకర్యా కండువాతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు పాటల పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు గాని, ఏ పాట ఎత్తుకోవాలో తోచినట్టు లేదు. సువార్త వెనక్కి తిరిగి ఆ కుర్చీ వంక చూసింది. అందులో కూర్చోలేకపోయింది. అట్లాగని బయటికీ నడిచిపోలేదు. అందరి మధ్యా అట్లాగే నిలబడి ఉంది.

కరుణమ్మ తల ఎత్తలేదు, చెల్లెలి వంక చూడలేదు. ఒళ్లో పడి ఉన్న చీర చెంగును దగ్గరకు తీసుకుని, పక్కనున్నామెను మోచేత్తో తాకి, చాప మీద కొంచెం అవతలికి జరిగింది. ఒక మనిషి కూర్చునేంత చోటు ఏర్పడింది.